గడి లేని పరీక్ష

గొడవ బట్టల క్లిప్పుల దగ్గర మొదలైంది. ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరి పక్కింటి గోడ మీద పడింది. తీసుకొచ్చి మళ్లీ ఆరేద్దామంటే తీగ మీద సగం క్లిప్పులు లేవు.

"ఈ ఇంట్లో క్లిప్పులు ఎవరో తింటున్నట్టున్నారు," అంది అత్తయ్య.

"మీ పెద్దబ్బాయే. ముందుగదిలోకి వెళ్లి చూడండి, కాగితాలకి తగిలించారు," అన్నాను.

మా ఆయన టీ కప్పు పట్టుకుని అక్కడే ఉన్నారు. "క్లిప్పు బట్టల్నే పట్టాలని ఎక్కడైనా రాసుందా?"

"నాకు నా క్లిప్పులు కావాలి."

"తీసుకో, ఎవరొద్దన్నారు? కట్టలు కలిపేశావంటే మాత్రం ఊరుకోను."

"కలపను. నాకు చదువొచ్చు," అన్నాను.

అలా అంటే ఆయనకి మంట. లేచి బయటికి వెళ్లిపోయారు.

ఆయనది వైరింగ్ పని, మరిది ఆయనతోనే తిరుగుతాడు. ఇల్లో దుకాణమో పూర్తయ్యాక అన్నీ పరీక్షించామని సర్టిఫికెట్ రాసి ఆయన సంతకం పెట్టాలి. పైపేజీలో పేరూ చిరునామా, లోపలి పేజీలో మీటరు చూపించిన అంకెలు. ఆ సంతకం లేకపోతే కరెంటు ఆఫీసు వాళ్లు కనెక్షన్ ఇవ్వరు. సంతకం పెట్టాలంటే లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు రెన్యువల్ దగ్గర పడింది. ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చి తనకి నచ్చిన కట్ట విప్పి చూస్తాడు. అందుకే ఎలాగూ కూర్చున్నాను కదా అని, క్లిప్పులు తీసిన కట్టల్ని వరసగా ఫైళ్లలో పెట్టడం మొదలుపెట్టాను.

రెండు మూడు కట్టలయ్యేసరికి నా చెయ్యి ఆగింది. పైపేజీ కాగితం తెల్లగా, లోపలిది పసుపుపచ్చగా ఉంది. అన్నిట్లోనూ అంతే. వైరింగ్ నిబంధనలు మారాయని ఆఫీసు పంపిన పుస్తకం బల్ల మీదే ఉంది, దాని మీద ఎవరో టీ కప్పు పెట్టిన మచ్చతో సహా. తీసి చదివాను. పైపేజీ మారింది నిజమే. లోపలి పేజీ కూడా మారింది. కరెంటు లీకైతే టక్కున పడిపోయే లీకేజీ స్విచ్ ఇకమీదట ప్రతి ప్లగ్గు లైనుకీ ఉండాలి. అది ఎంతసేపట్లో పడుతోందో మీటరుతో కొలిచి కొత్త గడిలో రాయాలి. మా పసుపు కాగితాల మీద ఆ గడే లేదు.

మరిదిని పిలిచి చూపించాను. నీళ్లు నమిలాడు.

"పాతవి బోలెడు మిగిలాయి వదినా. అన్నయ్యే, పైపేజీ ఒక్కటీ కొత్తది కొనమన్నాడు. లోపల ఏముంటుంది, అవే అంకెలు కదా అని..."

"మరి లీకేజీ స్విచ్ పెట్టారా?"

"అయ్యో, పెట్టకుండా ఉంటామా? అన్నిచోట్లా కొత్తవే పెట్టాం."

"కొలిచారా?"

పసుపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. వాళ్లు పనిచేసే తీరు నాకు తెలుసు. మరిది కాగితం పట్టుకుని పైనున్న మాట చదువుతాడు. "ఎర్తింగ్" అంటాడు, ఆయన మీటరు పెట్టి అంకె చెప్తారు. "ఇన్సులేషన్" అంటాడు, ఇంకో అంకె వస్తుంది. గడులు అయిపోతే పరీక్ష అయిపోయినట్టే. చదవడానికి గడి లేదు కాబట్టి ఆ పరీక్ష ఎవరికీ గుర్తు రాలేదు. నిబంధనలు మారినప్పటి నుంచీ చేసిన ప్రతి ఇల్లూ అలాగే వెళ్లిపోయింది.

ఆయన తిరిగొచ్చాక సంగతంతా చెప్పాను. మరిది ఉపాయంతో సిద్ధంగా ఉన్నాడు. "కొత్త కాగితాలు తెస్తాను. వదిన రాత ముత్యాల్లా ఉంటుంది, అన్నీ ఎక్కించేస్తుంది. ఆ గడిలో ఏదో ఒక అంకె వేస్తే సరి. కొత్త స్విచ్ పడకేం చేస్తుంది?"

ఆయన గడ్డం గోక్కున్నారు. వద్దని మాత్రం అనలేదు.

"నేను రాయను," అన్నాను.

"రాయకపోతే లైసెన్సు పోతుంది," అన్నారాయన. "తర్వాత నీ ఫైళ్లు పట్టుకుని నువ్వూ నేనూ ఆడుకోవచ్చు."

"కొలిచి చెప్పండి, ఎన్నైనా రాస్తాను. కొలవనిది రాయను."

"జనం ఇళ్లకి మళ్లీ వెళ్లి ఏమని చెప్పను? మీ ఇల్లు సరిగ్గా చూడలేదనా? పరువు ఉంటుందా?"

"ఒక్కచోట చూసి రండి. మూలమీది బట్టలుతికే దుకాణమే. పొద్దస్తమానం ఆ దుకాణావిడ తడి చేతులతోనే ఉంటుంది. అక్కడ బాగుంటే అప్పుడు మాట్లాడుకుందాం."

నేనూ వెంట వెళ్లాను, లేకపోతే వాకిట్లోంచే తిరిగొచ్చేస్తారని. దుకాణావిడ మెషిన్లు ఆపి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మొన్ననేగా చేశారు, మళ్లీ ఏమైంది?"

"ఒక పరీక్ష మిగిలిపోయిందండీ," అన్నారు ఆయన నేల చూపులు చూస్తూ.

స్విచ్ మీదున్న చిన్న బటన్ నొక్కారు. టక్కున పడింది. మరిది నావైపు చూసి కళ్లెగరేశాడు.

"బటన్ నొక్కితే పడుతుంది, దాందేముంది, నిజంగా లీకైనప్పుడు పడాలి," అంటూ ఆయన స్విచ్ మళ్లీ పైకెత్తి, మీటరు తీసి వెనక మెషిన్ ప్లగ్గులో పెట్టారు. దాని మీట నొక్కారు. ఏమీ కాలేదు. వైరు సరిచూసి మళ్లీ నొక్కారు. ప్లగ్గు మీది ఎర్ర లైటు నింపాదిగా వెలుగుతూనే ఉంది.

"ఏంటి, బాగుందా?" అంది ఆవిడ.

ఆయన మెయిన్ ఆపి స్విచ్ ఊడదీశారు. "దీనిలోపలే తేడా ఉందండీ. కొత్తదే, అయినా పనిచెయ్యట్లేదు. అప్పుడే చూడాల్సింది, చూడలేదు. మార్చి, కొలిచి, మీ ఎదురుగానే రాసిస్తాను. అప్పటిదాకా మెషిన్ ముట్టుకోకండి."

ఆవిడ నాలుగు మాటలు గట్టిగానే అంది. ఊళ్లో ఇంకో వైరింగాయన లేడా అని కూడా అంది. ఆయన తలొంచుకుని విన్నారు. వేరే స్విచ్ తెచ్చి బిగించి మీటరు పెడితే, ఈసారి నొక్కీ నొక్కకముందే పడిపోయింది. ఆ అంకె ఆయన పైకి చదివారు. నేను రాశాను.

ఇంటికొచ్చేదాకా ఆయన ఆ పాడైన స్విచ్‌ని చేతిలో తిప్పుతూనే ఉన్నారు.

భోజనాల దగ్గర కూర్చున్నాక మరిది మెల్లిగా అందుకున్నాడు. "అన్ని స్విచ్చులూ అలా ఉండవులే అన్నయ్యా. అదేదో ఒక్కటి."

"ఏ ఒక్కటో నీకు తెలుసా?" అంది అత్తయ్య, వాడి కంచంలో కూర వేస్తూ. "తెలిస్తే చెప్పు, అదొక్కటే మార్చుకొస్తారు."

ఆయన మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు.

"రేపు పొద్దున్న ఆఫీసుకి వెళ్లి ఇన్‌స్పెక్టరుకి నేనే చెప్పేస్తాను," అన్నారు. "వాళ్లొచ్చి పట్టుకునేదాకా ఆగను. రెన్యువల్ వాయిదా వెయ్యమంటాను. నిబంధనలు మారాక చేసిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్తున్నాం. ఒక్కటి కూడా వదిలేది లేదు. అవన్నీ అయ్యేదాకా దేనిమీదా నా సంతకం ఉండదు."

"మరి కొత్తగా ఒప్పుకున్న హాస్టల్ పని?" అన్నాడు మరిది.

"వాళ్లు ఆగితే ఆగుతారు. ఆగకపోతే ఇంకొకళ్లని పెట్టుకుంటారు," అని నావైపు తిరిగారు. "ముందు ఎవరింటికి వెళ్లాలో నువ్వు చెప్పు. పిల్లలున్న ఇళ్లు ముందు."