పదకొండు తాళాలు, ఒక చెవి

నేను ఒక హార్డ్ డిస్కుని. అరచేతిలో ఇమిడే ఇనప్పెట్టెని. నా మూలంగా రాజమండ్రిలో ఒక ఇంట్లో మూడు రోజుల్లో పదకొండు తాళాలు పగిలాయి. దొంగలు పడలేదు. మంచం మీదున్న ఇల్లాలు ఒక మాట అంది, పక్కనే కూర్చున్న ఇంటాయన ఇంకో మాట విన్నాడు. అంతే.

ఆయనకు వినబడింది "అది తాళం" అని. తాళానికి చెవి ఉంటుందని మనుషులే అంటారు. ఆ మూడు రోజులూ చెవి కావలసింది మాత్రం మనుషులకే.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో ధూళి రేణువంటే దయ్యమంత భయం. ముఖాలకి గుడ్డలు కట్టుకున్నవాళ్లు నన్ను బిగించారు. అంత మడిగా పుట్టినవాణ్ణి తెచ్చి పెళ్లి వీడియోలు తీసే దుకాణంలో పడేశారు. మూడేళ్లలో రెండు వందల పెళ్లిళ్లు మోశాను. పెళ్లికొడుకులు మారారు గానీ వెనకాల వేసే పాట మారలేదు. దుకాణం ఎత్తేశాక, కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ నన్ను కొని శుభ్రంగా తుడిచేశాడు. రెండు వందల పెళ్లిళ్లు ఒక్క నొక్కుతో చెరిగిపోయాయి. తుడుపంటే నాకు అప్పటినుంచే భయం.

అలా తుడిచిన నన్ను సంగీతం టీచరు కనకవల్లి గారి కంప్యూటర్‌లో బిగించాడు. ఆవిడ తొమ్మిదేళ్లపాటు కోనసీమ ఊళ్లన్నీ తిరిగి, ముసలమ్మల దగ్గర కూర్చుని, దంపుళ్ల పాటలు, ఊడ్పుల పాటలు, లాలిపాటలు పాడించుకుని నాలో దాచింది. మొత్తం మూడు వందల పన్నెండు. ఒక్కో పాట చివర, తను నేర్చుకున్నది సరిగ్గా ఉందో లేదోనని ఆవిడే పాడి వినిపించేది. ఆ ముసలమ్మల్లో సగంమంది ఇప్పుడు లేరు. పాటలు ఇంకెక్కడా లేవు.

ఒకసారి ఎవరో నాలుగు పాటలు పట్టుకుపోయి తమవేనని ఊరేగించారు. అప్పుడావిడ మస్తాన్‌తో నాకు తాళం వేయించింది. పాటలన్నీ ఎవరికీ అర్థంకాని గిలుకుడుగా మారిపోయాయి. అతను ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఎనిమిది గుంపులు, గుంపుకి ఆరేసి అంకెలు.

"మిషను పాడైతే ఈ అంకెలే దిక్కండి టీచరమ్మ గారూ. ఇవి పోతే నావల్ల కూడా కాదు."

"కాగితం పోద్దయ్యా మస్తానూ. మా ఇంట్లో కళ్లజోడే నిలవదు" అంటూ ఆవిడ తొడ మీద వేళ్లు ఆడించుకుంటూ, ఆ కాగితం చదువుకుంటూ వెళ్లింది.

కిందటేడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. నాలుగు నెలలైనా మాట రాకపోయేసరికి, ఆవిడ పాటలే ఆవిడకి వినిపిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు. భర్త సత్యమూర్తి గారు రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. పరుగున వచ్చి కంప్యూటర్ నొక్కాడు. ముందురోజు పడిన పిడుగుకి అది మాడిపోయి ఉంది. మస్తాన్ నన్ను ఊడదీసి వేరే మిషనుకి తగిలించాడు. నేను బాగానే ఉన్నాను. అంకెలు అడిగాను. అడగడమే నా ఉద్యోగం.

"కనకం, ఆ కాగితం ఎక్కడెట్టావే?" అని సత్యమూర్తి గారు అడిగాడు. ఆవిడ పెదవులు వంకర తిరిగాయి. "అ...ది తా...ళం."

ఇంకేం! తాళం వేసిన చోట ఉందన్నమాట. ట్రంకుపెట్టె, బీరువా, తంబురా పెట్టె, అటక మీది సందూకం, అన్నిటికీ సుత్తి తీశాడు. పాత రేషన్ కార్డు దొరికింది, పోయిందనుకున్న కళ్లజోళ్లు మూడు దొరికాయి. ఆవిడ ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టడం మొదలెట్టింది. "కొట్టుకోకే కనకం, వెతుకుతున్నాగా!" అని ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లూ ఆపాడు పాపం, ప్రేమతోనే.

నాలుగోరోజు మస్తాన్ నన్ను తన ల్యాప్‌టాప్‌కి తగిలించి ఆ ఇంటికే తెచ్చాడు.

"సార్, మీ ఇంట్లో పగలని తాళం ఇంక ఈ డిస్కుదొక్కటే. చెప్పండి, తుడిచేద్దామా? డిస్కు పనికొస్తుంది, పాటలు రావు."

"ఖాళీ డిస్కు ఏం చేసుకోనయ్యా" అన్నాడు సత్యమూర్తి గారు. చివరికి "సరే, కానియ్యి" అన్నాడు. మంచం మీద మళ్లీ చప్పుడు మొదలైంది.

అప్పుడే కనకవల్లి గారి దగ్గర సంగీతం చెప్పించుకున్న ఇందుమతి, స్కూలు పంతులమ్మ, పలకరించడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. దెబ్బ, విసురు. దెబ్బ, విసురు.

సత్యమూర్తి గారు మళ్లీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయి గారూ, చెయ్యి వదిలెయ్యండి! టీచర్ గారు తాళం వేస్తున్నారు!"

"ఏ గదికమ్మా?" అన్నాడాయన, సుత్తి అందుకుంటూ.

ఇందుమతి లోపలికొచ్చింది. మంచం పక్కన కూర్చుని అదే లెక్కన తన తొడ మీద తాళం వేసింది. వేళ్లూ విసుర్లూ కలిపి ఎనిమిది దెబ్బల ఆవర్తం ఒకటి ఊరికే తిరిగింది. రెండో ఆవర్తంలో, నాలుగు నెలలుగా మంచినీళ్లని కూడా సరిగ్గా అనలేని నోరు, పాడింది. వట్టి అంకెలు. దెబ్బకి ఆరు. మాటగా రానివి పాటగా వచ్చాయి. మస్తాన్ ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు. "ఐదో దెబ్బలో ఏడా, ఆరా?" అన్నాడు. ఆవిడ చిరాకుగా మొదటినుంచీ మళ్లీ ఎత్తుకుంది. పాటని మధ్యలోంచి ఎత్తుకోమంటే ఎవరికైనా కోపం రాదూ!

నలభై ఎనిమిదో అంకె పడింది. నేను తెరుచుకున్నాను.

మొదట వచ్చింది ఒక ముసలమ్మ దంపుళ్ల పాట. దాని చివర కనకవల్లి గొంతు, నిండుగా. మంచం మీది కనకవల్లి కళ్లు మూసుకుని వింది.

ఇప్పుడు నా పాటలు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. నేను టేబులు సొరుగులో, ఏ తాళమూ లేకుండా ఉన్నాను. సాయంత్రాలు సత్యమూర్తి గారు తప్పుతడకగా తాళం వేస్తాడు, ఆవిడ ఆయన వేళ్లు సరిచేస్తుంది.

నేను తెరుచుకున్న రోజు మాత్రం, మూడు రోజుల సుత్తి చప్పుళ్లకి గేటు దగ్గర పోగైన ఇరుగుపొరుగువాళ్లందరికీ ఆయనే వెళ్లి చెప్పుకున్నాడు.

"దొంగలు కాదండి, నేనే. మా ఆవిడ చెప్పింది ఆది తాళం. ఎనిమిది దెబ్బల ఆది తాళం, అంకెలన్నీ అందులోనే కూర్చుకుందంట. నాకేమో 'అది తాళం' అని వినబడింది. దీర్ఘం జబ్బు మింగేసిందనుకుంటారేమో. కాదండి. ముప్పై ఏడేళ్లు ఆ తాళం పక్కగదిలో రోజూ మోగింది. నేనే ఎప్పుడూ వినలేదు."