గంగమ్మకు వీపు చూపకుండా

"థోడా బాఁయే, భయ్యా... ఇంకా... బస్!" అంటూ నూకన్న కొత్త జంటను చేత్తోనే ఎడమ పక్కకు జరిపాడు. వండూర్ బీచ్‌లో సునామీకి కూలిన చెట్టు మొద్దొకటి ఇసుకలో అడ్డంగా పడి ఉంది. ముందు దాని వేళ్లు, మధ్యలో జంట, వెనక నీలంగా దీవులు. మూడూ కుదిరేదాకా నూకన్న బటన్ నొక్కడు. ప్రింట్ చేతికొచ్చాక పెళ్లికొడుకు మొహం ముడిచాడు.

"ఇస్‌మే హమ్ కహాఁ హైఁ?"

ఇందులో మేమెక్కడున్నామన్న ఈ మాట నూకన్న రోజూ వినేదే. సముద్రాన్ని పెద్దగా, మనుషుల్ని చిన్నగా తీయడం అతనికో జబ్బు. అతని ఫొటోలో పెళ్లికూతురు కనబడాలంటే భూతద్దం కావాలని తోటి ఫొటోగ్రాఫర్లు ఏడిపిస్తారు. దగ్గర నుంచి ఇంకోటి తీసిచ్చి జంటను సాగనంపాడు.

నిజానికి సముద్రమంటే అతనికి ఒడ్డు నుంచే ఇష్టం. సిక్కోలు తీరం నుంచి ఈ దీవులకు వలసొచ్చిన జాలర్ల ఇంట పుట్టి, బోటెక్కితే చాలు వాంతులు చేసుకునేవాడు. చూసినవాళ్లంతా నవ్వారు. అక్క కాళమ్మ మాత్రం నవ్వలేదు. ఎండుచేపలు అమ్మి తమ్ముడికి కెమెరా కొనిపెట్టింది. అతని బతుకంతా ఆ చలవే.

ఆ సాయంత్రం పట్నంలోని బతు బస్తీ నుంచి వచ్చిన ఆటోలోంచి ఆ అక్కే దిగింది, కూతురు మధులత భుజం పట్టుకుని. ఇక మందులు పనిచేయవని డాక్టర్లు ఇంటికి పంపేశారు. మనిషి చిక్కి సగమైంది.

"నాను పోతే దండెయ్యడానికి ఓ పోటో తియ్యరా నూకా. నా మొకం తెలవాల, సంద్రమూ పడాల."

టీ కొట్టు నుంచి కుర్చీ తెచ్చి, అలవాటు కొద్దీ సముద్రం ఆమె వెనకొచ్చేలా వేశాడు. కాళమ్మ కూర్చోలేదు.

"గంగమ్మకి ఈపు సూపిత్తానేటిరా? మతిపోనాదేటి నీకు?"

నూకన్న నాలుక కరుచుకున్నాడు. తమవాళ్లు ఫొటో కోసమైనా సముద్రానికి వీపు పెట్టరు. టూరిస్టులను ఎందరినో అలా నిలబెట్టాడు గానీ, వాళ్లకు ఎదురుగా ఉండే తను ఎప్పుడూ సముద్రాన్ని చూస్తూనే తీశాడు.

కుర్చీ పక్కకు తిప్పితే సగం మొహమే వచ్చింది. మెడ తిప్పమంటే నొప్పన్నది. వెనక నుంచి చూస్తే వట్టి జుట్టు ముడి. పొద్దు దిగిపోతోంది. అక్క మళ్లీ ఈ ఒడ్డుకు రాదని అతనికి తెలుసు. ఈ ఒక్క మనిషిని సరిగా తీయలేకపోతే ఇన్నేళ్లు తీసిందంతా దండగే అనిపించింది.

కుర్చీని సముద్రానికి ఎదురుగా తిప్పి అక్కను కూర్చోబెట్టాడు. ప్యాంటు మడిచి మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. పుడిసెడు నీళ్లు తీసి కళ్లకద్దుకున్నాడు.

"తప్పు కాయి తల్లీ," అని గొణిగి, సముద్రానికి వీపు పెట్టాడు.

కెమెరాలో ఇప్పుడు సముద్రం ముందుంది, అక్క వెనకుంది. పొద్దు వెలుగు నేరుగా ఆమె మీద పడుతోంది. కానీ మనిషి మళ్లీ చిన్నదైపోయింది. అతను ఒడ్డుకేసి జరిగాడు. కెమెరాను నీళ్లకు తాకేంతగా దించాడు. మొహంలో ముడతలు తెలిశాయి. అంచున నురగా నిలిచింది.

"నూకా, ఎనకాల!"

అల వచ్చి నడుం మీద కొట్టింది. నూకన్న ముందుకు తూలాడు. కాళమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"ఇప్పుడు కూడా వాంతి సేసుకుంతావేటిరా!"

పడుతూనే బటన్ నొక్కాడు. మధులత పరుగున వచ్చి కెమెరా అందుకుంది.

"వంకరగా వచ్చిందప్పా. ఇంకోటి తీత్తాను," అన్నాడు నూకన్న లేస్తూ.

కాళమ్మ కెమెరా వెనక అద్దంలోకి చాలాసేపు చూసింది. "నానే. సంద్రమూ ఉంది. ఇంక సాల్లేరా, సలేత్తంది."

ఆ నెల దాటకుండానే, ఒక తెల్లవారుజామున, ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది.

బతు బస్తీ ఇంట్లో దండ వేసిన ఆ ఫొటో గోడకెక్కింది. పలకరించడానికి వచ్చినవాళ్లు తీరం ఏటవాలుగా ఉండటం చూసి, ఫ్రేమే ఒరిగిందనుకుని తలా ఒక వేలితో సరిచేశారు. మధులత ఫ్రేమును మళ్లీ నిలువుగా పెట్టబోతే నూకన్న చెయ్యడ్డం పెట్టాడు.

"ఉండనీయే తల్లీ."

ఇప్పుడు కాళమ్మా తీరమూ తిన్నగా ఉన్నాయి. చెక్క ఫ్రేము మాత్రం గోడ మీద ఓ పక్కకు ఒరిగి ఉంది.