జెర్లిన్ చెప్పిన సాక్ష్యం

ఇరవై నిమిషాల పని. అంతే. దానికి రెండు నెలలు "రేపు చూద్దాంలే" అన్న పెద్దమనిషిని నేనే, మైకేల్‌ని.

2003లో అబిడ్స్‌లోని శ్రీపతిగారి నెట్ సెంటర్‌లో పన్నెండు కంప్యూటర్లుండేవి. అన్నీ లోపలి గదిలోని ఒక్క మిషన్ గుండానే బయటి ఇంటర్నెట్‌కు పోయేవి. దాన్ని ప్రాక్సీ అంటారు. దాని బాగోగులు నావి. ఆ ప్రాక్సీ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. మనం కొట్టే వెబ్‌సైట్ అడ్రసు రాసుకోవడానికి అందులో ఇంతే అని జాగా ఉంటుంది. అంతకన్నా పొడుగు అడ్రసు వస్తే కొలుచుకోకుండా పోసుకుంటుంది. పావు లీటరు గిన్నెలో లీటరు పాలు పోస్తే పొయ్యంతా పాడవదూ? పొర్లిపోయే ఆ భాగంలో తన ఆజ్ఞలు దాచి పంపినవాడు మిషన్‌కే యజమాని అయిపోతాడు. దాన్ని సరిచేసే ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే పంపారు కూడా. కస్టమర్ల రద్దీలో మిషన్ ఎక్కడ ఆపుతాంలే అని నేనే బద్ధకించాను.

ఆ లోపంలోంచే లోపలికి వచ్చాడెవడో. పాస్‌వర్డ్‌లు పోయాయి. వైశాలి అనే కాలేజీ అమ్మాయి సొంత ఉత్తరాలు ఆమె క్లాసంతటికీ చేరాయి. వాళ్ల నాన్న వచ్చి కౌంటర్ మీద గుద్ది గుద్ది అరిచాడు.

"కౌంటర్ల కూసునేది నువ్వే గదా! ఇంకెవరు చూస్తరు?" అని శ్రీపతిగారు జెర్లిన్ మీద పడ్డారు.

జెర్లిన్ నాంపల్లిలో మా చర్చి పిల్లే. నోట్లో నాలుక లేని మనిషి. "నేను ముట్టలే సార్, నిజంగ ముట్టలే" అని ఏడుస్తూ నా వంక చూసింది. నేను లోపలికి పోయి మిషన్ రికార్డు తెరిచాను. అక్కడుంది. ఒకే ఒక్క అడ్రసు, ‘ఏ’ అనే ఇంగ్లీషు అక్షరమే వేలసార్లు, చివర అర్థంకాని చెత్త. ఆ వరుస చూపిస్తే పిల్ల నిందలోంచి బయటపడుతుంది, నా ఉద్యోగం పోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని దాన్ని చెరిపేశాను. ఆ ఫైలు అప్పుడు ఎక్కించాను. బయటికొచ్చేసరికి జెర్లిన్‌ని పంపేశారు.

ఆ తర్వాత పట్టపగలే, జనం మధ్యే, "మైకేల్ అన్నా, మూడో నంబర్ ఆగింది జర చూడు" అని ఆమె గొంతు వినిపించేది. తిరిగి చూస్తే ఖాళీ కుర్చీ. కొత్తమ్మాయిని కూర్చోబెట్టినా వినిపించడం మానలేదు. కళ్లు మూస్తే ఆ అక్షరాల వరుస, చెరిపినకొద్దీ పెరిగేది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించేది.

జెర్లిన్‌కు మళ్లీ ఎవరూ పనివ్వలేదు. చర్చిలో ఆడవాళ్లు కూడా ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం, దేవుడు తమకు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆమె లేచి మైకు తీసుకుంది.

"అందరు నన్ను దొంగ అన్నరు. గా దినం మైకేల్ అన్న ఒక్కడే ఒక్క మాట అనలే. నన్ను నమ్మిన మనిషి ఒక్కడన్న ఉన్నడని బతికిన. అన్న కోసం దేవునికి స్తోత్రం."

"హల్లెలూయ!" అన్నారందరూ. పాస్టరుగారు మైకు నా చేతికిప్పించారు. "లేవయ్యా, నువ్వు కూడా ఒక మాట చెప్పు."

లేచాను. జెర్లిన్ నన్ను చూసి నవ్వుతోంది. చెరిపేసిన ఆ వరుస సంగతి చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"స్తోత్రం" అని కూర్చున్నాను.

జెర్లిన్ వాళ్లమ్మ మేరమ్మ వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకొని కళ్లకద్దుకుంది.