కత్తెరకు పోయిన సగం

ఎల్లారెడ్డిలో స్వామిదాసు చేతిరాత చదవకుండా పెరిగినవాళ్లు లేరు. కిరాణా దుకాణాల పేర్లు, ఎరువుల బోర్డులు, బడి గోడల మీది సూక్తులు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గుర్తులూ ఆయన కుంచెలోంచే వచ్చేవి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ కుంచె మూలకు పడింది. గంటలో మనిషంత బొమ్మ మిషన్లోంచి బయటికొస్తుంటే, మూడు రోజులు నిచ్చెన మీద నిలబడేవాణ్ణి ఎవరు పిలుస్తారు?

అదే వాడకట్టులో ఉండే అనిల కామారెడ్డిలో డీఎడ్ రెండో సంవత్సరం చదువుతోంది. 2012 వేసవి ముందర మాలతి మేడం క్లాసులో అందరికీ ఒక పని అప్పగించింది. కళాకారుల జీవితాల మీద స్క్రాప్‌బుక్ చెయ్యాలి.

"బొమ్మలు అంటించి తేవడం కాదు. పేజీ తిప్పితే ఆ మనిషి కనపడాలి" అంది మేడం.

తోటివాళ్లంతా ఇంటర్నెట్ సెంటరుకు పోయి పరదేశపు చిత్రకారుల గడ్డాలూ టోపీలూ ప్రింటు తీయించుకున్నారు. అనిల మాత్రం స్వామిదాసు ఇంటికి పోయింది.

"నా మీద బుక్కా?" అని ముసలాయన రెండుసార్లు అడిగి, నమ్మకం కుదిరాక అటక మీది రేకుపెట్టె దించాడు. అక్షరాలు కోసిన అట్టలు, రంగులు కలిపి చూసుకున్న కాగితాలు, వెంట్రుకలు రాలిన కుంచెలు అన్నీ ఆమె ముందర పోశాడు. ఆఖరున ఒక ఫోటో తీసి అంగీ అంచుతో తుడిచాడు. బడి గోడ ముందు కుంచె పట్టుకుని వయసులో ఉన్న స్వామిదాసు. పక్కన రంగు డబ్బాతో, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ ఆయన భార్య గౌరవ్వ.

"గీసుడు నాది, నింపుడు ఆమెది. నేను అక్షరం గీసి ముందుకు పోతుంటె ఎనుక రంగు నింపుకుంట వచ్చేది. ఒక్కపారి గూడ అంచు దాటలే బిడ్డా" అన్నాడు. "పోయి ఆరేండ్లాయె. ఓటు కార్డుల మొకం నల్లగ పడ్డది. మంచిగున్నది గిదొక్కటే. కాపీ తీసుకొని నాది నాకు తెచ్చియ్యి."

"రేపే తెచ్చిస్త తాతా."

మర్నాడు స్టూడియోకు పోతే కరెంటు లేదు. సాయంత్రం దాకా కూర్చున్నా రాలేదు. తెల్లారితే పుస్తకం ఒప్పజెప్పాలి. ఇంటికొచ్చి, బీడీలు చుడుతున్న తల్లి గంగామణి పక్కనే కూర్చుని అంటించడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో రంగుల పళ్లెంలాగా గుండ్రటి చట్రం గీసి, చుట్టూ కుంచె వెంట్రుకలు అతికించింది. ఎంతో బాగా కుదిరింది. ఫోటోనే అందులో పట్టలేదు. స్వామిదాసును నడిమికి తెస్తే గౌరవ్వ చట్రం దాటిపోతోంది.

కత్తెర పట్టుకుని కాసేపు ఆగింది. పుస్తకం తాత మీద కదా, చూసి మురుస్తాడులే అనుకుంది. కత్తిరించింది. మిగిలిన ముక్కను జాగ్రత్త చెయ్యాలనుకుంది గానీ, గమ్ము ఆరకముందే మిగతా పేజీలు ముగించాలన్న తొందరలో దాని ఊసే మరిచింది.

ఫోటో పుస్తకంలో ఉందని, కాలేజీ నుంచి రాగానే ఇస్తానని తాతకు చెప్పింది. ఆ పుస్తకానికి మొదటి బహుమతి వచ్చింది. ప్రదర్శన నాడు కళాకారుణ్ణి కూడా తీసుకురమ్మంది మేడం. స్వామిదాసు ఇస్త్రీ అంగీ వేసుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కామారెడ్డి దాకా తాను రాసిన గోడలు చూపిస్తూనే ఉన్నాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన బల్ల దగ్గరికి వచ్చి, చేతులు తుడుచుకుని, పుస్తకం తెరిచాడు.

చాలాసేపు రెండో పేజీ తిప్పలేదు.

"గౌరవ్వ యాడున్నది బిడ్డా?"

"గా చట్రంల పట్టలేదు తాతా..."

"ఎంత బాగా కత్తిరించిందో చూడండి, హీరోలా ఉన్నారు" అని మాలతి మేడం నవ్వింది.

ఆయన మేడం వైపు చూడలేదు. "ముక్క ఉన్నదా?"

ఉందో లేదో అనిలకు తెలియదు. నోరు మాత్రం "ఇంట్ల ఉన్నది" అంది.

తిరుగు బస్సులో ముసలాయన మళ్లీ తేరుకున్నాడు. "వెనుకకెల్లి కాయితం పెట్టి అతికిస్త. గీత కనవడకుంట చేస్త, నాకు తెలువదా" అన్నాడు. అనిల తల ఊపింది. ప్రతి స్టేజీ దగ్గరా చెప్పాలనుకుంది, చెప్పలేదు.

ముసలాయన నేరుగా అనిల ఇంటికే వచ్చి ముక్క అడిగితే, గుమ్మంలోనే గంగామణి చెప్పేసింది. "బీడీ ఆకు తుకుడలల్ల ఏదో ఫోటో ముక్క ఉండె. పనికిరానిదనుకొని అన్ని ఊడ్చి పొయ్యిల ఏసిన."

స్వామిదాసు ఒక్క మాట తిట్టలేదు. "నీకేం తెలుసు అవ్వా" అని గంగామణితో అని, అనిలను దాటుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలమంతా ఆయన పాత బోర్డు రేకుల మీద గౌరవ్వ మొహం గీస్తూ కూర్చున్నాడు. వాడకట్టు ఆడవాళ్లను పిలిచి చూపించేవాడు. ముక్కు కొంచెం సప్పిడి అంది భూదవ్వ. కాదు, కోలగ ఉండె అంది ఈరవ్వ. గీసింది తుడిచి మళ్లీ గీసేవాడు. "లీడర్ల మొకాలు వందలు గీసిన. అన్ని ఫోటో సూసి గీసినయే. సూడకుంట గీసుడు నాకు రాదు" అన్నాడు ఒకనాడు ఈరవ్వతో. ఆ రోజుతో రేకులు లోపల పెట్టేశాడు.

మరుసటేడు అనిలకు పిట్లం దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. కాలేజీ అద్దాల బీరువాలో ఉన్న పుస్తకాన్ని మేడంను బతిమాలి తెచ్చుకుని, ముసలాయన ముందు పెట్టింది.

"తప్పు చేసిన తాతా. గిది నీ దగ్గరనే ఉంచుకో."

ఆయన మొదటి పేజీ తెరిచి, తన ఫోటో తానే చూసుకుని, మూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"మంచిగ చేసిన్రు టీచరమ్మా. నాకెందుకు? మీ బడి పిల్లలకు సూపెట్టుండ్రి."

ఆయన ఆమెను 'మీరు' అనడం అదే మొదలు. ఎదురైనప్పుడల్లా పలకరించేవాడు, బాగున్నరా అని అడిగేవాడు. ఇంట్లోకి రమ్మని మాత్రం పిలవలేదు.