మొదటి నీళ్లు

మండే ఎండల్లో సందు సందంతా ఖాళీ బిందెలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆ నీళ్లు మింగింది మీరే. సంఘం బోర్డు కింద కుర్చీ వేసుకుని, జనం పెట్టే దండాలు అందుకున్న పెద్దమనుషులు మీరే. మీ మంచితనాన్ని ఇంటింటా చెప్పుకుని మురిసినవాళ్లకూ ఇందులో పాలుంది. మద్రాసు చూలైలో ఆ సందు చివరింట్లో ఉండే విజికీ ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తను కట్టిన ఆట తనకే చెప్పింది.

ఆట అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. తక్కినవాళ్లు ఆ కథలో యోధుడో, మంత్రగత్తో, దొంగో అయి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. చెప్పింది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతవరకు విజి, ఆమె స్నేహితులు ముగ్గురూ, వాళ్లలో కౌముది కొన్న పుస్తకంలో ఉన్న కథ ఆడారు. అది అయిపోయాక, "ఈసారి నేనే సొంతంగా ఒక లోకం కడతా, కథంతా నేనే నడుపుతా" అని విజి నోరు జారింది. అంతకు ముందు ఆమె ఎప్పుడూ నడిపింది లేదు.

విజి పెళ్లికార్డులు అచ్చువేసే చిన్న షాపులో పనిచేస్తుంది. పాడైపోయిన కార్డులు సంచీలో వేసుకొచ్చి, వాటి వెనక తన లోకం రాసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అన్నీ మొదలుపెట్టింది. రాజవంశాలు రాసింది. కొండలకు పేర్లు పెట్టింది. కరువు తెచ్చే డ్రాగన్ అమ్మమ్మకు కూడా పేరు పెట్టింది. బంగారు అంచు కార్డు వెనక డ్రాగన్ బొమ్మ గీస్తే, ముందు వైపు వధూవరుల పేర్లు తలకిందులుగా అచ్చయి ఉండేవి.

ఆట నేర్పే ఒక వీడియోలో ఎవరో చెప్పారు: కొత్తవాళ్లయితే మీకు తెలిసిన చోటినే కొంచెం మార్చి వాడుకోండి అని. విజికి తెలిసిన చోటు తన సందే. సందు కోట అయింది. సందులోకి వచ్చే నీళ్ల లారీ, తోలుతిత్తి మోసుకొచ్చే ఏనుగు అయింది. లారీని పిలిపించే సంఘం ప్రెసిడెంటు కోదండరాం, తెల్లగడ్డం జలపాలుడు అయ్యాడు. కథలో ఇంత మంచి మనిషి ఉంటే ఆడేవాళ్లు ఆయన మాట విని కొండెక్కి డ్రాగన్‌ను చంపుతారని ఆమె లెక్క.

కోదండరాం మంచితనానికి విజి ఎంచుకున్న సాక్ష్యం మొదటి నీళ్లు. ఆ సందులో అదో ఆచారం. లారీ రాగానే పైపు ముందు కోదండరాం ఇంటి సంపులోకి పోతుంది. మొదట వచ్చే నీళ్లలో తుప్పు ఉంటుంది, పైపు కంపు ఉంటుంది, పిల్లలు తాగితే కడుపు చెడుతుంది, ఆ పాడు నీళ్లేవో నా ఇంట్లోనే పోనీండి అని ఆయన ఎప్పుడో అన్నాడు. అంతే. ఆయన సంపు నోరు మూశాకే వరసలో మొదటి బిందె కదిలేది. విజి తల్లి లూర్దుమేరి అయితే ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా కళ్లు తుడుచుకునేది. పోయిన నెలలోనే రెండుసార్లు లారీ ఆమె బిందె దాకా రాకముందే అయిపోయింది. బోరు ఉప్పు నీళ్లతో వండిన అన్నం పచ్చగా, జిగటగా దిగింది. అయినా ఆమెకు కోదండరాం మహరాజే. ఇక ఆట ఆడుకోవడానికి తన మిద్దె మీది రేకుల గది ఇచ్చింది కూడా ఆయనే.

ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలోనే ఆట మొదలైంది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

"మీ ముందర జలపాలుడు నిలబడి ఉన్నాడు. తెల్లటి గడ్డం. కళ్లల్లో కరుణ" అని కార్డు చూసి చదివింది విజి.

"కరుణ ఎందుకంట?" అన్నాడు జెబ. జార్జి టౌన్‌లో పార్సిళ్లు దించే పని వాడిది. ఆటలో గొడ్డలి యోధుడు.

"ఎందుకేందిరా? మంచోడు గాబట్టి."

"చూసినారా, గేమ్ మాస్టరే మంచోడు అంటా ఉండాది. నాకు డౌటు."

"డౌటు వద్దు. ఆయన కొండకి దోవ చెప్తాడు, మీరు పోతారు."

"పోము" అంది కౌముది. బడిలో లెక్కల టీచరు, ఆటలో మంత్రగత్తె. "ముందు నీళ్ల సంగతి చెప్పు. మొదటి నీళ్లు విషమన్నావు. ఎవరైనా రుచి చూశారా?"

"లేదు. ఆచారం."

"ఎంతసేపు పోతాయి ఆయనింట్లోకి?"

విజి కార్డులు తిరగేసింది. డ్రాగన్ అమ్మమ్మ పేరు ఉంది. ఇది లేదు.

"కొంచెం సేపు."

"కొంచెం అంటే? నేను ఏనుగు పక్కనే నిలబడి చూస్తున్నా."

ఏదో ఒకటి చెప్పాలి. ఆడేవాళ్లు మొహంలోకి చూస్తున్నారు. విజి కళ్ల ముందర ఎప్పుడూ కనబడేదే కనబడింది, అదే చెప్పేసింది. "తిత్తి సగం వాలిపోయే దాకా."

జెబ ఈల వేశాడు. "సగమా! సగం ఏనుగు విషమేనా? సగం మంచి నీళ్లా? యా ఊరిది మే ఈ ఏనుగు, చూలై ఏనుగేనా?"

"నేను గోడ దూకతా ఉండా" అన్నాడు కార్తీ. ఆటలో దొంగ వాడు. బయట కోదండరాం అక్క కొడుకు, మామ దగ్గరే ఉంటూ చదువుకుంటున్నాడు. "పెరట్లో ఏముందో చెప్పు."

"మల్లెపందిరి" అంది విజి, ఆలోచించకుండానే. "పచ్చగా ఉండాది. నేల తడిగా ఉండాది."

"ఊరంతా ఎండిపోయుండాది. విషం తాగి మల్లెలు పూస్తా ఉండాయా?" కార్తీ పాచిక విసిరాడు. ఇరవై పడింది. ముగ్గురూ కేకలు పెట్టారు.

"డ్రాగనూ లేదు, గీగనూ లేదు" అన్నాడు జెబ బల్ల గుద్ది. "ముసలోడే డ్రాగన్!"

"రేయ్, ఆయన మంచోడు రా! నేను రాసినాను గదా!"

"నువ్వు రాసినావు. మేం చూసినాం."

కార్తీ నవ్వుతూనే అడిగాడు. "సరే, పందిరి వెనకాల ఏముంది?"

"ఇంకో మిద్దె. అద్దెకుండే యాత్రికులు. వాళ్లకి నీళ్లకి ఎప్పుడూ..."

విజి ఆగింది. కార్తీ నవ్వు కూడా ఆగింది. కింద, వెనక మిద్దెలో అద్దెకుండే బ్యాచిలర్ కుర్రాళ్లలో ఎవడో బైకు కడుగుతున్నాడు. నేల మీద నీళ్లు చెళ్లుచెళ్లుమంటున్నాయి. ఆ చప్పుడు వాళ్లకు ఇన్నాళ్లూ వినబడుతూనే ఉంది. విన్నది మాత్రం అప్పుడే.

"విజీ, ఇది మా మామ ఇల్లు" అన్నాడు కార్తీ.

ఎవరూ పాచిక ముట్టలేదు. విజి కార్డులు పోగుచేసింది. తొందరగా ముగించేశారు.

ఆ తర్వాత విజికి కుదురు పోయింది. తను రాసిన మంచోడిని వాళ్లు చెడగొట్టారని మొదట కోపం. ఆ కోపంతోనే, వాళ్లది తప్పని చూపించాలని చుట్టూ చూడటం మొదలుపెట్టింది. చూసేకొద్దీ ఎదురు తిరిగింది. మల్లెలు నిజంగానే పచ్చగా ఉన్నాయి. వెనక మిద్దెలో కుర్రాళ్లు బకెట్లు బకెట్లు గుమ్మరించి స్నానాలు చేస్తున్నారు. వాళ్లెవరూ ఎప్పుడూ బిందె పట్టుకుని వరసలోకి రాలేదని ఆమెకు అప్పుడు తట్టింది. పాడు నీళ్లయితే వాళ్లు తాగడం లేదా? వాళ్ల కడుపులు చెడటం లేదా?

తల్లితో అంది. లూర్దుమేరి చేతిలో చాట కింద పెట్టింది.

"పాచికలాడేదే పాపం. దాంట్లో మళ్లీ పెద్దమనిషి మీద నింద ఒకటా? ఆయన లేకపోతే లారీ ఈడికి వస్తాదా?"

"వచ్చిన లారీ మన బిందె దాకా వస్తా ఉండాదా, మా?"

"అది మన రాత."

"రాతా? పైపా?"

"నోరు ముయ్యవే. ఎవరైనా వింటే ఆ గది కూడా పోతాది."

గది పోయింది. రెండు రోజుల తర్వాత మెట్ల దగ్గర కోదండరాం కనబడ్డాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట.

"ఏమ్మా విజీ, మీ ఆటలో ఎవురో ముసలాయన దొంగంట గదా?"

విజి మెట్టు పక్కకు జరిగింది. "ఆట పెద్దయ్యా. ఊరికే."

"ఆటేలే. ఆడుకోండి, ఆడుకోండి. అయితే ఆ గది వద్దమ్మా కొన్నాళ్లు. వాన కారతా ఉండాది. రిపేరు చేయించాల."

ఆయన తాళంచెవి నడుముకు దోపుకుని వెళ్లిపోయాడు. విజి తలెత్తి చూసింది. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. మద్రాసులో మే నెలలో వాన కారే గది!

సాయంత్రం బస్టాపు దగ్గర కార్తీని పట్టుకుంది.

"నువ్వే ఊదినావు గదా?"

"సొల్లురేన్ కేళు", చెప్తా విను అని తమిళంలోకి జారి, మళ్లీ తెలుగులోకి వచ్చాడు వాడు. "అన్నం తినేటప్పుడు చెప్పినా. గోడ దూకింది, ఇరవై పడింది, అంతా. తమాషాగా చెప్పినా విజీ, నీ మీద ఒట్టు. మామ నవ్వతాడనుకున్నా."

"నవ్వలేదా?"

"లేదు. కంచం ముందర్నించి లేచేసినాడు."

విజి ఇంటి దారి పట్టింది. ఏ తప్పూ చేయని మనిషికి అది నవ్వులాటే కదా. తెల్లగడ్డం జలపాలుడి కథ విని అన్నం వదిలేసి లేవాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? అప్పటికీ ఆమె మనసు ఒక మూల కొట్టుకుంటూనే ఉంది. పాడు నీళ్లే అయితే? నిజంగానే తుప్పే అయితే? అలాగైతే అందరి ముందర ఆయన కాళ్లు పట్టుకుంటా అనుకుంది. తెలుసుకునే దారి ఒకటే ఉంది. ఇన్నేళ్లుగా ఆ సందులో ఒక్కరూ చేయని పని. రుచి చూడటం.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. ఎప్పటిలాగే బిందెలు వరసలో ఉన్నాయి. లూర్దుమేరి నీలం బిందె చివర్లో ఉంది. డ్రైవరు తంగరాజ్ పైపు లాగి, అలవాటు ప్రకారం కోదండరాం గేటు వైపు తిప్పాడు. విజి ఆ నీలం బిందె ఎత్తుకుని, వరసంతా దాటి, గేటుకు అడ్డం నిలబడింది.

"అన్నా, ఈడ పట్టండి."

"వరసలో రామ్మా" అన్నాడు తంగరాజ్.

"వరస తర్వాత. నాకు మొదటి నీళ్లు కావాల. పాడు నీళ్లే గదా, ఎవురికీ వద్దు గదా? నాకియ్యండి."

కోదండరాం గేటు తీసుకుని బయటికి వచ్చాడు. "వద్దమ్మా. తుప్పు నీళ్లు. జబ్బు చేస్తాది."

"మీకు చేయలేదు గదా పెద్దయ్యా."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. లూర్దుమేరి పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టి లాగింది. "ఏమే, పిచ్చి పట్టినాదా నీకు! ఆయన్ని నిలదీస్తావా?"

"ఒక్క బిందె, మా. తుప్పు వస్తే నేనే తాగతా."

తంగరాజ్ కోదండరాం వైపు చూశాడు. కోదండరాం తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపు వరసంతా చూసింది. పాడు నీళ్లు ఒక పిల్లకు ఇవ్వడానికి ఇంత మంచి మనిషి ఎందుకు వద్దంటున్నాడు?

"పట్టవయ్యా బిందెలో" అంది వరసలో ముందున్న పంకజం. ఆమె ఎప్పుడూ ఎవరి జోలికీ పోని మనిషి. "పట్టు, చూద్దాం."

తంగరాజ్ వాల్వు తిప్పాడు. పైపు దగ్గింది. మొదట ఎర్రగా, చెంబెడంటే చెంబెడు నీళ్లు నేల మీద పడ్డాయి. కోదండరాం మొహం వెలిగింది. "చెప్పలా?" అన్నాడు.

అంతలోనే ధార తెల్లబడింది. నీలం బిందె అడుగు తేటగా కనబడుతోంది. విజి బిందె దించి, దోసిట పట్టి తాగింది. ఆగి, మళ్లీ తాగింది. తల్లి మొహం ముందర దోసిలి పెట్టింది. లూర్దుమేరి ఒక గుక్క తాగింది. రెండో గుక్క తాగలేకపోయింది. ఉప్పు నీళ్ల అన్నం గుర్తొచ్చిందో ఏమో, ఆమె కోదండరాం కళ్లలోకి చూసింది. దండం పెట్టడానికి ఎప్పుడూ లేచే చేతులు లేవలేదు.

"ఇన్నేళ్లూ చెంబెడు తుప్పుకి సగం లారీనా, అయ్యా?" అంది.

ఆయన ఏదో అన్నాడు. సంఘం అన్నాడు, నమ్మకం అన్నాడు, మీటింగు పెట్టి మాట్లాడుకుందాం అన్నాడు. గేటు లోపల కార్తీ వచ్చి నిలబడ్డాడు. మామ వైపు రాలేదు, వీళ్ల వైపూ రాలేదు. సంపు మూత పక్కన నిలబడ్డాడు.

విజి ఆయన వైపు తిరిగింది.

"మీటింగు వద్దు పెద్దయ్యా. మీ గది తాళం మీరే పెట్టుకోండి, మేం ఏడైనా ఆడుకుంటాం. కానీ లారీ మీ గేటు లోపలికి చూడకూడదు. పైపు సందులో అందరి ముందర విప్పాల. తుప్పు చెంబెడు నేల మీద పొయ్యాల, దాని తర్వాత మొదటి ధార చివరింటి బిందెలో పడాల. మీ వెనక మిద్దెలో ఉండే కుర్రోళ్లు కూడా బిందె తెచ్చుకుని వరసలో నిలబడాల. ఇప్పుడు ఆ సంపు మూత తియ్యండి. అందులో ఉండేది తుప్పో, మా నీళ్లో సందంతా చూడాల. రేపు కాదు. లారీ కదలకముందే తియ్యండి!"