నూట పన్నెండు టిక్కులు

సైనికుల రికార్డుల ఆఫీసులో పర్యవేక్షకుడికి యూనిఫాం లేదు. అతని కింద పనిచేసే తొమ్మిదిమందికీ ఉంది. వాళ్లు అతన్ని చాటున "సివిలు తాత" అనేవారు. అతనికి తెలుసు. పట్టించుకునేవాడు కాదు.

ఆ తొమ్మిదిమందిలో సార్జంటు అతని బావమరిది, పోయిన భార్యకు తమ్ముడు. బంధువు పనితీరు రిపోర్టు తాను రాయనని పర్యవేక్షకుడు రెండుసార్లు పైకి రాశాడు. "నీకంటే కఠినంగా రాసేవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను?" అని కల్నల్ కాగితం తిప్పి పంపాడు. ఈసారి రిపోర్టు సాయంత్రం ఐదుకల్లా వెళ్లాలి. బాగుంటే సార్జంటుకు ప్రమోషన్. లేదంటే, వయసు దాటింది కనుక, ఇంటికి.

నాలుగింటికి సార్జంటు తలుపు తట్టకుండా వచ్చి కూర్చున్నాడు.

"రాశావా బావా?"

"ఆఫీసులో సార్ అను."

"సరే సార్. ఆ ఒక్క సంగతీ వదిలెయ్యి సార్."

ఏటా ప్రతి సైనికుణ్ణీ పిలిచి, నీకేమైనా అయితే కబురెవరికి పంపాలని అడిగి, చిరునామా చదివించి, టిక్కు పెట్టాలి. సార్జంటు నూట పన్నెండుమందికి ఒక్క మధ్యాహ్నంలో పెట్టేశాడు. ఎవర్నీ పిలవలేదు. రెండు నెలలకు శిక్షణలో లారీ బోల్తాపడి, దాని డ్రైవరు మూడు రోజులు ఆసుపత్రిలో కొట్టుమిట్టాడి పోయాడు. కబురు, విడిపోయిన భార్య ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి వెళ్లింది. తల్లి బస్సులో రెండు గంటల దూరంలోనే ఉంది. స్నేహితుడెవరో చెబితే ఆమె వచ్చేసరికి శవపెట్టెకు మేకులు కొట్టేశారు.

"లారీ నేను తోలానా?" అన్నాడు సార్జంటు. "ఇన్‌స్పెక్షన్ నెత్తిమీదుంది. అందరూ అలాగే పెడతారు."

"వీలుకాకపోతే ఖాళీగా వదలాల్సింది. ఖాళీ కనబడితే ఇంకొకడు అడిగేవాడు. నువ్వు టిక్కు పెట్టావు, ఇంకెవడూ చూడలేదు."

"నలభై రెండేళ్లకి నన్నెవడు తీసుకుంటాడు బావా?"

"గేటు కాపలాకి తీసుకుంటారు. వచ్చినవాణ్ణి పేరడగాలి. అదైనా నేర్చుకో."

సార్జంటు మొహం జేవురించింది. "అక్క ఉంటే నిన్నిలా రాయనిచ్చేదా?"

"మీ అక్క ఆఖరి వారమంతా నిన్నే అడిగింది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. డ్యూటీ అన్నావు. ఇప్పుడు గుర్తొచ్చిందా అక్క?"

"అదీ సంగతి. ఆరేళ్లు కడుపులో దాచుకుని ఇవాళ కక్కుతున్నావు."

పర్యవేక్షకుడు కాదనలేదు. కక్ష ఉంది. అందుకే అది అంటిన ప్రతి మాటా కొట్టేస్తూ అప్పటికే మూడుసార్లు తిరగరాశాడు. చివరికి రెండే వాక్యాలు మిగిలాయి. ఎవరినీ అడగకుండా నూట పన్నెండు టిక్కులు పెట్టాడు. ప్రమోషన్‌కు తగడు.

కాగితం బావమరిది ముందుకు తోశాడు. "అబద్ధముంటే చూపించు. లేకపోతే సంతకం పెట్టు."

సార్జంటు చదివాడు. మళ్లీ చదివాడు. కలం ముట్టలేదు.

"పెట్టను. ఇక మా గడప తొక్కకు."

"తొక్కను."

తలుపు ధడేలుమంది. సంతకానికి ఒప్పుకోలేదని రాసి, పక్కన టైము వేసి, కాగితం తనే పట్టుకెళ్లి కల్నల్ గుమస్తా చేతిలో పెట్టాడు పర్యవేక్షకుడు. తిరిగొచ్చి జాబితా ముందేసుకుని, మిగిలిన నూట పదకొండుమందికీ ఒక్కొక్కరుగా రమ్మని నోటీసులు రాయసాగాడు.