పిరం కరెంటు, అగ్గువ కరెంటు

ఇబ్రహీంపట్నం హరీశ్ గల్ఫ్‌లో అణు విద్యుత్ కేంద్రం కట్టేచోట ఏళ్లతరబడి ఇనుప చువ్వలు కట్టాడు. పని పూర్తయ్యాక ఇంటికొచ్చాడు. వచ్చిన రోజు కూతురు నవ్య తల్లి కొంగు చాటుకు పోయి, "మమ్మీ, గీ అంకుల్ ఎప్పుడు పోతడు?" అని అడిగింది. అందరూ నవ్వారు. హరీశ్ కూడా నవ్వాడు గానీ, ఆ పూట అన్నం సహించలేదు.

నెల తిరక్కుండానే కోరుట్ల ఏజెంటు ఫోన్ చేశాడు. గల్ఫ్‌లోనే రెండు పనులున్నాయట. ఒకటి కొత్త అణు కేంద్రం, ఇంకోటి సోలార్ పార్కు. జీతం అటూ ఇటూ ఒకటే.

"అణు పనికే పోత," అన్నాడు హరీశ్, వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తున్న భార్య అఖిలతో. "సోలార్‌ది ఏడాదిల ఒడుస్తది. మళ్ల ఏజెంటు, మళ్ల వీసా. గిదైతే ఏండ్లకేండ్లు ఢోకా లేదు."

"గన్నేండ్లు ఎందుకు పడుతది?"

"అణువంటే ఆటనా? పోసిన గోడ పరీక్ష చేస్తరు. నచ్చకుంటే పలగ్గొట్టి మళ్ల పోపిస్తరు."

"మరి గన్నేండ్ల జీతాలు, బ్యాంకు మిత్తి ఎవలు కడుతరు?"

"ఎవలేంది? కరెంటు బిల్లుల కలుపుతరు. గందుకే అది పిరం. సోలార్ ప్లేట్లు బిగించుడే గద, అగ్గువకు ఒస్తది."

మంచం మీదున్న తండ్రి చంద్రయ్య ఊరుకోలేదు. "పొద్దుగూకినంక గా ప్లేట్లేం జేస్తయిరా?"

"గట్లడుగు బాపూ! బ్యాటరీలు పెట్టాలె, గదీ ఖర్చే. అణుది రాత్రీ పగలూ ఒక్కతీరుగ నడుస్తది."

గెలిచినట్టే అనుకున్నాడు. అఖిల చేతులు దులుపుకుని లేచింది.

"గా దేశపోళ్లకు ఏది అగ్గువనో గాళ్లే చూసుకుంటరు. నువ్వు జల్ది ఇంటికొచ్చేదే నాకు అగ్గువ."

చంద్రయ్య పకపకా నవ్వాడు. మర్నాడు హరీశ్ కోరుట్ల పోయి సోలార్ పనికి సంతకం పెట్టాడు. ఏజెంటు వింతగా చూశాడు.

గల్ఫ్ ఎడారిలో సోలార్ పని అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది. గదిలో తోడున్న చందుర్తి సామేలు తల పట్టుకున్నాడు. "గింత జల్ది ఒడిస్తే ఎట్ల బతుకుడే అన్నా?" సామేలు బాధ హరీశ్‌కు తెలుసు. అయినా తన బ్యాగు సర్దుకున్నాడు.

ఇప్పుడు జగిత్యాలలో ఇళ్ల మీద సోలార్ ప్లేట్లు బిగిస్తున్నాడు. పని ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. లేనప్పుడు పొలం చూసుకుంటాడు. మొన్న ఒక డాబా మీద బోల్టులు బిగిస్తుంటే మళ్లీ ఏజెంటు ఫోన్. ఇంకో అణు కేంద్రం, ఎనిమిదేళ్ల పని.

"నేను రాను గని," అన్నాడు హరీశ్, "సామేలు నంబరు రాసుకో. ఎగిరి గంతేస్తడు."